బ్యాండుకీ పాటకీ ఎదుర్కోళ్లు

మా భీమవరం భజన బృందంలో గొంతు బాగున్నవాళ్ల కంటే నోరు బాగున్నవాళ్లే ఎక్కువ. నేను ఏ కోవలోకి వస్తానో చెప్పను. ఏటా ఆషాఢంలో మెదక్ పట్నంలో వీధి బ్యాండ్లూ, వాడల్లో పాటలు పాడుకునే బృందాలూ ఒకచోట చేరతాయనీ, దాన్ని ‘ఎదుర్కోళ్లు’ అంటారనీ మా అధ్యక్షురాలు ఎవరి నోటనో విన్నారు. మన ఊళ్లోనూ అలాంటిదొకటి పెడితే బాగుంటుందని ఆవిడకి బుద్ధి పుట్టింది. “నువ్వెళ్లి అదెలా మొదలైందో కనుక్కునిరా రమణీ. చరిత్ర తెలియకుండా ఏదీ మొదలెట్టకూడదు” అన్నారు. మా భజన బృందాన్ని మాత్రం ఆవిడ పక్కవీధి బృందంతో పోట్లాడి మొదలెట్టారు. ఆ చరిత్ర మాకందరికీ తెలుసు.

తోడుగా మా ఆయన అక్కగారు కనకం వదిన బయల్దేరింది. వదిన మంచి మనిషే గానీ ఏ వాక్యమూ పూర్తి చేయదు. “ఆ స్టవ్వు మీద పాలు...” అని ఊరుకుంటుంది. పొంగాయో, విరిగాయో, పిల్లి తాగేసిందో మనమే వెళ్లి చూసుకోవాలి. ఎదుర్కోళ్లు అన్న మాట చెవిన పడగానే పెట్టెలో పట్టుచీర సర్దింది. మా వైపు ఎదురుకోలంటే మేళంతో, పానకం బిందెలతో మగపెళ్లివారికి ఎదురెళ్లడం కదా.

“ఆషాఢంలో పెళ్లేమిటి వదినా? ఎవరైనా చేస్తారా?” అన్నాను.

“ఏమో, వాళ్ల వైపు...” అంది వదిన, చీర మీద జంతికల డబ్బా పెడుతూ.

మనోహరాబాద్‌లో దిగిపోవడం

హైదరాబాదులో రైలు మారాలి. ఆ హడావిడిలో వదిన నా చెయ్యి పట్టి లాగి ఒక పెట్టెలో ఎక్కించింది. ఎందుకు ఇదే ఎక్కావంటే, కిటికీ పక్క సీట్లు ఖాళీగా ఉన్నాయంది. రైలు ఎటు వెళుతుందన్నది ఆవిడకి తర్వాతి సంగతి. ఎదురు సీట్లో ఒక నడివయసు మనిషి రెండు మోకాళ్ల మధ్య పెద్ద డోలు పెట్టుకుని, దాని మీద చెయ్యేసి కునుకు తీస్తున్నాడు. మెదక్ ఎప్పుడొస్తుందని అడిగాను. ఆయన ఒక కన్ను తెరిచాడు.

“మెదక్‌కు పోయేదుంటే గీ బండెందుకెక్కిండ్రమ్మా? గిది సిద్దిపేట దిక్కు పోతది.”

వదిన జంతికల డబ్బా గుండెకి హత్తుకుంది. ఆయన మాత్రం ఏమీ కంగారుపడలేదు. “పరేషాన్ గాకుండ్రి. నేను సుత మెదక్‌కే. మనోహరాబాద్‌ల మా జీపు వస్తది, దిగి అండ్ల పోదాం రాండ్రి.”

ఆయన పేరు నర్సింలు. ఊరు కుల్చారం. వ్యవసాయం చేస్తాడు, లగ్గాల కాలంలో, అంటే పెళ్లిళ్ల రోజుల్లో, మెదక్ యాదగిరి గారి బ్యాండులో పెద్ద డోలు వాయిస్తాడు. డోలుకి కొత్త తోలు వేయించుకుని వస్తున్నాడు. మా పుణ్యం కొద్దీ ఎదుర్కోళ్లలో వాయించబోయే మనిషే మాకు దొరికాడన్నమాట.

మనోహరాబాద్‌లో జీపు దొరికింది గానీ, డోలు పట్టే సీటులో ఇద్దరు మనుషులు పడతారని డ్రైవరు పంచాయతీ పెట్టాడు. డోలుకి కూడా కిరాయి ఇవ్వాలన్నాడు. “పాలు తాగే పిల్లకు కిరాయి తీస్కుంటవా? గిది సుత ఒళ్లె కూసుంటది” అన్నాడు నర్సింలు. ఆ పిల్ల అతని ఒళ్లో సగం, మా వదిన ఒళ్లో సగం కూర్చుని ప్రయాణం చేసింది. గతుకు వచ్చినప్పుడల్లా వదిన మోచెయ్యి తగిలి ఢమ్మనేది. ఢమ్మన్నప్పుడల్లా వదిన “అయ్యో, క్షమించాలి” అనేది. ఎవరికి చెబుతోందో తెలియదు.

దారిలో చాయ్ తాగడానికి ఆపారు. మా వైపు టీ అంటే గ్లాసుడు ఉండాలి, చక్కెర అడుగున మిగలాలి. ఇక్కడ బొటనవేలంత కప్పులో ఇచ్చారు గానీ, ఆ ఒక్క గుక్కకే నిద్ర వదిలింది. పక్కనే వేయిస్తున్న మిరపకాయ బజ్జీ కొరికి వదిన చాలాసేపు ఏ వాక్యమూ మొదలుపెట్టనే లేదు. ఆ ప్రశాంతతలో నేను నర్సింలుని ఎదుర్కోళ్ల చరిత్ర అడిగాను.

“చరిత్ర ఏముందమ్మా? బర్రె పండింది” అన్నాడు.

“బర్రె?”

“సందుల బర్రె అడ్డం పండింది. గిటు లగ్గపోళ్లు, గటు పాటలోళ్లు. నడిమిట్ల బర్రె. గంతే.” ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాను. కప్పు కింద పెట్టి, “మిగిలింది గెలిసినోళ్లు చెప్తరు” అని జీపెక్కాడు.

పండిందంటే పడుకుందని అర్థం చేసుకుని, నోటుబుక్కు తీసి ‘బర్రె’ అని రాసుకున్నాను. అంతదూరం వచ్చి మొదటి రోజు సంపాదించిన చరిత్ర అంతే.

యాదగిరి గారి పళ్లు

మర్నాడు పొద్దున మెదక్‌లో మేం దిగిన లాడ్జిలో చర్చి గంటకి మెలకువ వచ్చింది. యాదగిరి గారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధి పొడవునా తాడు కట్టి ఎర్ర కోట్లు ఆరేశారు. భుజాల మీద బంగారు కుచ్చులు గాలికి ఊగుతున్నాయి. ఆషాఢంలో ముహూర్తాలుండవు గనక కోట్లు ఉతికేదీ, బాకాలు తోమేదీ, డోళ్లు బిగించేదీ ఈ నెలలోనేనట. ఎదుర్కోళ్లు ఈ నెలలోనే పెట్టుకున్నదీ అందుకేనట. మిగతా రోజుల్లో బ్యాండువాళ్లకి ఊపిరి తీసుకునే తీరికుండదు, ఊదడమే.

యాదగిరి గారు గడప మీద కూర్చుని ఉన్నారు. సన్నగా, నిటారుగా ఉండే ముసలాయన. ఎదురుగా స్టీలు గ్లాసు. అందులో నీళ్లు. ఆ నీళ్లలో ఆయన పళ్లు.

మమ్మల్ని చూసి గబుక్కున వెనక్కి తిరిగి పళ్లు పెట్టుకుని, మళ్లీ ఇటు తిరిగి “కూసోండ్రమ్మా” అన్నారు. ఆ మాటకే పై వరస కొంచెం కిందికి జారింది. నాలుకతో పైకి తోసుకున్నారు.

ఆయన భార్య బాలమణి గారు ప్లేట్లో సర్వపిండి తెచ్చి పెడుతూ విషయం చెప్పారు. “ముంగటి పండ్లు కదిలితే దవాఖానల మీది వరుసంత పీకిండ్రు. కొత్త సెట్టు ఇంక పట్టు కుదరలే. క్లారినెట్ ఊదుడంటే మీది పండ్లే గదా ఆధారం. వద్దంటే ఇనడు.”

సర్వపిండి బియ్యప్పిండితో చేస్తారు. నువ్వులు, పల్లీలు, శనగపప్పు వేసి గిన్నె అడుగున ఒత్తి కాలుస్తారు. మా తపేలా చెక్కకి అక్కలాంటిది. వదిన రెండు ముక్కలు తిని, “ఇందులో కాస్త ఇంగువ గనక...” అంది. బాలమణి గారు ఆ గనక తర్వాత ఏమిటా అని మర్యాదగా ఎదురుచూశారు. చివరికి మూడో ముక్క వేశారు.

ఎదుర్కోళ్ల నియమం నాకు ఆ గడప మీదే తెలిసింది. బ్యాండువాళ్లు సందుకి ఇటునుంచీ, సుగుణమ్మ టీచరుగారి పాటల బృందం అటునుంచీ వచ్చి మధ్యలో ఎదురుపడతారు. ఎవరూ వెనక్కి తగ్గకూడదు. బ్యాండు తన పెళ్లిపాట వాయిస్తూనే ఉండాలి, వాళ్లు తమ చర్చి కీర్తన పాడుతూనే ఉండాలి. ఎవరు పొరపాటున ఎదుటివాళ్ల పాటలోకి జారితే వాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు వచ్చిన అందరికీ అన్నం వడ్డించాలి. గెలిచినవాళ్లు మైకు పట్టుకుని, మొట్టమొదటిసారి ఆ సందులో ఏం జరిగిందో జనానికి చెప్పాలి. ఆ ఏటికి అదే చరిత్ర.

“మీరెన్నిసార్లు గెలిచారు?” అని అడిగాను.

యాదగిరి గారు ఎర్ర కోట్ల వైపు చూశారు. బాలమణి గారే అన్నారు. “వడ్డిచ్చి వడ్డిచ్చి మా బ్యాండోళ్లకు బాజా కంటె గంటె పట్టుడే మంచిగొచ్చింది.”

“తప్పు మాది గాదమ్మా, మా పనిది” అన్నారాయన. “బరాత్‌ల ఊరేగింపు నడుమ ఎవలో ఒకలు వచ్చి చెవుల పాట అంటరు. గది ఇనంగనే ఎత్తుకోవాలె. నాకు రాదంటే రేపు పిలువరు. గట్ల బతికినోళ్లం. ఎదురుంగ మంచిగ పాడుతుంటె వేళ్లు వాటంతటయే గటు పోతయి. టీచరమ్మ గుంపు అట్ల గాదు. వాళ్లకు వాళ్ల పాట తప్ప ఇంకోటి ఇనపడదు.”

నేను నోటుబుక్కు తీశాను. “పోనీ, అసలేం జరిగిందో మీరు చూశారు కదా. నాకు చెప్పండి, రాసుకుంటాను.”

“గెలవకుంట చెప్తె దొంగతనమైతది.” ఆయన పళ్లు సర్దుకున్నారు. “ఒక్కసారి ఆ మైకు నా చేతికి రావాలె. పోయినేడు దాక తొందర లేకుండె. ఇప్పుడు పండ్లు పోయినయి. లగ్గాలకు డీజేలు వచ్చినయి. వచ్చే ఏడు ఊదుతనో లేదో. ఆ ముచ్చట చెప్పకుంటనే పోతనేమో అని రంది పట్టుకున్నదమ్మా.”

అది విన్నాక నాకు పక్షపాతం పుట్టింది. చరిత్ర కనుక్కోవడానికి వచ్చినదాన్ని బ్యాండు పక్షం చేరిపోయాను.

సుగుణమ్మ టీచరుగారి వసారాలో

సుగుణమ్మ గారు బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. నూలు చీర మడత నలగదు. ఆవిడ బృందంలో చర్చిలో పాడేవాళ్లున్నారు, వీధిలో వాళ్లున్నారు, ఆవిడ దగ్గర చదువుకుని ఇప్పుడు మనవల్నెత్తుకున్నవాళ్లున్నారు. మేం వెళ్లేసరికి వసారాలో సాధన నడుస్తోంది. ఎవరైనా శ్రుతి తప్పితే ఆవిడ ఏమీ అనరు, కళ్లద్దాల మీంచి చూస్తారు. ఆ చూపుకి నా చేతిలో చాయ్ కప్పు కూడా సర్దుకుని కూర్చుంది.

ఆవిడ చెప్పిన చరిత్ర ఇది. క్రిస్మస్ ముందు ఇంటింటికీ పాడుతూ వెళుతుంటే ఆ సందులో లగ్గం బరాత్ ఎదురైంది. ధనుర్మాసం రాకముందు ఆఖరి ముహూర్తం, వాళ్లు తొందరలో ఉన్నారు. “మేం తగ్గలేదు. వాళ్లు తగ్గలేదు. జరసేపటికి యాదగిరి మా కీర్తన ఎత్తుకున్నడు. బరాత్ మొత్తం మా కీర్తనకు డ్యాన్స్ ఆడింది. గంతే జరిగింది. ఏటా నేను చెప్పేది గదే.”

“మరి బర్రె?” అన్నాను.

“బర్రె సంగతి అవసరం లేదు” అన్నారు ఖచ్చితంగా.

ఇక్కడ మా వదినకి జన్మలో ఎరగని అనుభవం ఎదురైంది. “మీ చీర రంగు చాలా...” అంది వదిన అలవాటు ప్రకారం. “బాగుంది” అన్నారు సుగుణమ్మ గారు. “ఈ సారి వానలు మా వైపు...” “సరిగ్గా పడలేదు.” “రైల్లో వస్తుంటే ఆ డోలాయన...” “మిమ్మల్ని దించిండు.” ఎదుటివాళ్లు సగంలో వదిలితే పూర్తి చేయకుండా ఆవిడ ఉండలేరు. ఏళ్ల తరబడి పిల్లల చేత ఖాళీలు పూరింపించిన నోరది. బయటికొచ్చాక వదిన చాలా అలసిపోయి కనిపించింది. తన వాక్యాలన్నీ పూర్తవడం ఆవిడకి అలవాటు లేదు మరి.

సందులో

మూడోరోజు పొద్దుటికే ఊరు నిండిపోయింది. అల్లాదుర్గ్ నుంచి భజనవాళ్లు ట్రాలీలో తాళాలు వాయించుకుంటూ దిగారు. డప్పులవాళ్లు రోడ్డు పక్కన గడ్డిమంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. మేడల మీద, గోడల మీద జనం. వదిన పట్టంచు సర్దుకుంటూ నడుస్తుంటే, ఎవరో ముఖ్య అతిథి అనుకుని మెడలో బంతిపూల దండ వేశారు. నేను కాదని చెప్పబోయేలోగా వదిన నమస్కారం పెట్టేసింది. ఆ దండ మళ్లీ తీయలేదు.

ఇటునుంచి ఎర్ర కోట్లు వచ్చాయి. ముందు యాదగిరి గారు, వెనక నర్సింలు డోలు. అటునుంచి నీలం అంచు తెల్ల చీరలూ, తెల్ల చొక్కాలూ. ముందు సుగుణమ్మ గారు. సందు మధ్యలో మూరెడు దూరంలో ఆగారు. పెళ్లిపాటా, కీర్తనా ఒకదాన్నొకటి మింగేయాలని చూస్తున్నాయి. మొదట్లో చెవులు మూసుకోవాలనిపించింది. కాసేపటికి కాళ్లు ఒకదానికి కదులుతుంటే తల ఇంకోదానికి ఊగింది.

యాదగిరి గారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. దవడ బిగించి ఊదుతున్నారు, వేళ్లు అటు పోకుండా చూసుకుంటున్నారు. ట్రంపెట్టు మనిషి ఒకసారి కీర్తనలోకి ఒరగబోయాడు. నర్సింలు డోలు కర్రతో వీపున పొడిచాడు. సరిపోయింది. బ్యాండు నిలబడింది. గోడల మీది జనం లేచి నిలుచున్నారు. నేను దేవుళ్లందరికీ మొక్కాను, చర్చి వైపు కూడా ఒక దండం పెట్టాను.

పెళ్లిపాట పై స్థాయికి వెళ్లింది. ఆ స్వరం మీద క్లారినెట్టు ఎక్కి, అక్కణ్నుంచి కిందికి జారుతూ వరస ముగియాలి. ఎక్కడమైతే ఎక్కింది. ఆ మీదట టప్పున ఏదో ఎగిరింది. యాదగిరి గారి పై వరస పళ్లు క్లారినెట్టు మీంచి దూకి రోడ్డున పడ్డాయి. ముందుకేసిన నర్సింలు కాలు సరిగ్గా వాటి మీదే పడి, అవి కాస్తా ముక్కలయ్యాయి.

క్లారినెట్టు ఆగింది. దాన్ని చూసి బ్యాండూ ఆగింది. వరస సగంలో గాలిలో వేలాడిపోయింది. అయిపోయింది, ఈసారీ వడ్డనే అనుకున్నాను.

అప్పుడు మిగిలిన సగాన్ని ఎవరో పూర్తి చేశారు. గంట కొట్టినట్టు, ఒక్క స్వరం తప్పకుండా, పెళ్లిపాట ముగింపు వరస. సుగుణమ్మ టీచరుగారు! టీచరు ఎత్తుకుంటే బృందం ఊరుకుంటుందా? తెల్ల చీరలన్నీ అందుకుని పెళ్లిపాట పాడేశాయి.

పాడేశాక ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకున్నారు. ఊరు గోలెత్తిపోయింది. నర్సింలు డోలు వదిలేసి ఎగిరాడు. వదిన నన్ను పట్టుకుని, “చూశావా రమణీ, ఆవిడ సగంలో వదిలితే పూర్తి చేయకుండా ఉండలేదు!” అంది. నాకు తెలిసి వదిన పూర్తి చేసిన మొదటి వాక్యం అదే.

మైకు

మైకు యాదగిరి గారి చేతికొచ్చింది. ఆయన నోరు తెరిచి, ఇన్నేళ్లు దాచుకున్నది మొదలుపెట్టారు.

“ఆ ఓవు హందుల అర్రె ఉంఎ...”

ఒక్కముక్క ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మళ్లీ చెప్పారు. ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మైకు కోసం ఇన్నాళ్లు చూస్తే మైకొచ్చిన రోజున మాట పోయింది.

సుగుణమ్మ గారు జనంలోంచి వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. కళ్లద్దాలు సర్దుకున్నారు. “ఆ రోజు సందుల బర్రె ఉండె, అంటుండు” అన్నారు. “ఈయన గొణుగుడు ఏండ్ల సంది ఇంటున్న. నాకు తెలుస్తది. చెప్పు యాదగిరీ.”

ఆయన చెప్పారు, ఆవిడ అందించారు. పిల్లల చేత పాఠం చదివించినట్టు, ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. బర్రె పండుకుంటే బరాత్ జీపు వెనక్కీ పోలేదు, ముందుకీ పోలేదు. పెళ్లికొడుకు నిద్రపోయిండు. రెండు దిక్కులా గొంతులు చించుకున్నరు. “జరసేపటికి నేను ఏం ఊదుతున్ననని చూసుకున్న, అంటుండు. చూస్తే కీర్తన ఊదుతున్న, అంటుండు. సిగ్గయింది. వాళ్లు నవ్వుతుండ్రేమో అని తల లేపి చూసిన, అంటుండు.”

యాదగిరి గారు తర్వాతి మాట చెప్పారు. సుగుణమ్మ గారు ఆగిపోయారు. ఆయన మళ్లీ అదే చెప్పారు, ఈసారి ఆవిడ వైపు చూస్తూ.

సగంలో వదిలిన వాక్యం కదా. ఆవిడ ఉండలేకపోయారు.

“చూస్తే... టీచరమ్మ వాళ్లు మా లగ్గంపాట పాడుతుండ్రు, అంటుండు. మేము వాళ్లది, వాళ్లు మాది. ఇద్దరం ఒక్కసారే జారినం. టీచరమ్మ నన్ను చూసింది, నేను టీచరమ్మను చూసిన. ఇద్దరం నవ్వినం. ఎవలికీ చెప్పలే. గది చెప్పాలనే ఇన్నేండ్లు ఆగిన, అంటుండు.”

సందంతా హోరెత్తింది. “నిజమేనా టీచరమ్మా?” అని గోడ మీంచి ఎవరో అరిచారు.

“నేను తర్జుమా చేసేదాన్నే. నన్నడగకుండ్రి” అన్నారావిడ. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

వడ్డన

అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఇవాళ జారింది టీచరుగారే గానీ, మొట్టమొదటి రోజే ఇద్దరూ ఒక్కసారే జారారని తేలితే ఇక ఈ ఆటలో ఓడినవాళ్లెవరు? ఓడినవాళ్లు లేకపోతే వడ్డించేదెవరు? గెలిచినవాళ్లు చెప్పిందే చరిత్ర గనక కాదనడానికీ లేదు. బ్యాండువాళ్లు ముందు కూర్చున్నారు. అన్నేళ్లుగా వాళ్లు నిలబడి చూసిన బంతి అది. పాటలవాళ్లు ఎదురుగా కూర్చున్నారు. అందరూ విస్తళ్ల ముందు చేతులు కడుక్కుని మా ఇద్దరి వైపు చూశారు. బయటివాళ్లం మేమే కదా మిగిలాం.

నేను మసాలా దినుసులు వేసి వండిన బగారన్నం గంగాళం పట్టుకున్నాను. వదిన పట్టుచీర కొంగు దోపి, మెడలో దండతోనే పచ్చిపులుసు వడ్డించింది. వడ్డిస్తూ వడ్డిస్తూ, మా వైపైతే పులుసు కాచకుండా ఎవరైనా... అని ప్రతి విస్తరి దగ్గరా మొదలుపెట్టింది. తర్వాత గరిట రుచి చూసి ఆ మాట మానేసింది.

యాదగిరి గారికి బగారన్నం నమలడం కష్టమైంది. పక్కన కూర్చున్న సుగుణమ్మ గారు ఆయన విస్తరిలో మెత్తగా ఉడికిన వంకాయ వేసి, అన్నాన్ని గరిట వెనకతో నలిపి పెట్టారు. “వచ్చే ఏడు ఎట్ల ఊదుతవో చూస్త” అన్నారు. ఆయన ఏదో అన్నారు. ఆవిడ పకపకా నవ్వారు. ఆ మాట మాత్రం తర్జుమా చేయలేదు.

నేను రెండోసారి అన్నం తెచ్చినప్పుడు ఆయన నా చెయ్యి పట్టి ఆపి, నా భుజానున్న సంచీ చూపించి ఏదో చెప్పారు. నాకు అర్థం కాలేదు. సుగుణమ్మ గారి వైపు చూశాను.

“ఇప్పుడు రాసుకో, అంటుండు. ఇగ దొంగతనం గాదట.”

గంగాళం కింద పెట్టి, నోటుబుక్కు తీసి, ‘బర్రె’ అన్న మాట కింద మొత్తం రాసుకున్నాను. ఊరికొచ్చాక మా అధ్యక్షురాలికి అదే చదివి వినిపించాను. మనకి ఇరుకు సందూ ఉంది, పోట్లాటా ఉంది, కానీ అక్కడివాళ్లలా ఎదుటివాళ్ల పాట చెవిన వేసుకునేవాళ్లు మనలో ఎవరున్నారు అన్నారావిడ, కొంచెం ఆలోచించి. మీకూ ఉన్నదున్నట్టు చెప్పాను. వచ్చే ఆషాఢంలో టీచరమ్మ గెలిస్తే మాత్రం ఇందులో ఒక్క ముక్కకీ నా పూచీ లేదు.